నాన్నగారికి ప్రైవేటు బీమా అవసరమా? – సమాధానం

తిరుపతిలో ఉంటున్న, మధుమేహం ఉన్న 72 ఏళ్ల మీ నాన్నగారికి ప్రైవేటు ఆరోగ్య బీమా కట్టాలా, ప్రభుత్వ పథకం సరిపోతుందా అని అడిగారు. ముందుగా ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స అందించే ఈ పథకంలో పాత జబ్బులకు నిరీక్షణ కాలమంటూ (వాటి చికిత్సకు బీమా వర్తించే వరకు ఆగాల్సిన గడువు) లేదు. ప్రైవేటు పాలసీలోనైతే అది 3 ఏళ్ల వరకు ఉండవచ్చు, పైగా ఈ వయసులో ప్రీమియం భారం చిన్నదేమీ కాదు. (మధుమేహం సంగతి దాచమని ఏజెంటు ఎవరైనా చెబితే వినకండి, రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.) పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే కనుక, నెలనెలా పరీక్షలకు, మందులకు రుయా ప్రభుత్వాసుపత్రి ఓపీకి వెళ్లడం మేలు. ఆ ప్రీమియం డబ్బుతో, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మీ పేర పాలసీ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనైనా మరెక్కడైనా చేర్చే ముందు, ఆ చికిత్స పథకం జాబితాలో ఉందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను (పథకం గురించి రోగులకు సాయపడే సిబ్బందిని) అడిగి తెలుసుకోండి.