ఫ్లెక్సీ కట్టనివ్వండి, కాకపోతే అడ్వాన్స్‌డ్ అయ్యాక

మీ అమ్మాయికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌లో 100 పర్సంటైల్ వచ్చిందనీ, కాలేజీ వాళ్లు ఊరేగింపు, సన్మానం, ఫ్లెక్సీలు అంటున్నారనీ, ఒప్పుకోవాలా వద్దా అనీ అడిగారు. ముందు అమ్మాయికి అభినందనలు. ఒప్పుకోండి, కానీ ఇప్పుడు కాదు. మా తమ్ముడి విషయంలో మేం వెంటనే ఒప్పేసుకున్నాం, అందుకే చెబుతున్నా.

ఫలితాలొచ్చిన రాత్రి పదకొండున్నరకి కాలేజీ నుంచి ఫోన్. పొద్దున ఏడింటికల్లా బ్లేజర్ వేయించి తీసుకురమ్మన్నారు. మావాడికి బ్లేజరెక్కడిది? వాళ్లే ఒకటి ఇచ్చారు. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. వీపు వెనక పిన్నీసులు పెట్టి బిగించి ఫోటో తీశారు. ఆ తర్వాత పూలదండ, టాప్ లేని జీపు, డప్పులు. ఎరువుల కొట్లో గుమాస్తాగా పనిచేసే మా నాన్న పేరు మైకులో వినిపించడం అదే మొదటిసారి. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. అందుకే ఈ సన్మానాలన్నీ దండగ అంటే నేను ఒప్పుకోను.

చిక్కంతా తర్వాత మొదలైంది. జూనియర్లకు నాలుగు మాటలు చెప్పాలంటూ వారానికి రెండుసార్లు కారు పంపి, ఒక్కో బ్రాంచికి తిప్పారు. ఐఐటీ సీటు కోసం మెయిన్ తర్వాత రాసే అడ్వాన్స్‌డ్ పరీక్షకి చదవాల్సిన రోజులు అలా పోయాయి. ఇంటికొచ్చిన వాళ్లంతా ‘నూటికి నూరట కదా!’ అనేవాళ్లు. నిజానికి వాడికి 300కి పదిహేను మార్కులు తగ్గాయి. 100 పర్సంటైల్ అంటే వాడు పరీక్ష రాసిన షిఫ్టులో, అంటే ఆ పూట రాసినవాళ్లలో, అంతకంటే ఎక్కువ ఎవరికీ రాలేదని, అంతే. షిఫ్టులు చాలా ఉంటాయి కాబట్టి అలాంటి వాళ్లూ చాలామందే ఉంటారు. 2024లో రెండు సెషన్లూ కలిపి 56 మంది, అందులో తెలంగాణ నుంచి 15, ఆంధ్రప్రదేశ్ నుంచి 7. (ఫలితాల వారంలో మా ఊరి మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీలు లెక్కపెడితే అంతకంటే ఎక్కువమందే తేలతారు.) 2017లో కల్పిత్ వీర్వాల్ అనే కుర్రాడు ఇదే మెయిన్‌లో 360కి 360 తెచ్చుకున్నాడు చూడండి, నూటికి నూరు అంటే అది. మా పెద్దమ్మకి ఈ తేడా ఇప్పటికీ ఎక్కలేదు.

అసలు సంగతి, ఐఐటీ సీటుకి మెయిన్ స్కోరు లెక్కలోకే రాదు. మెయిన్‌లో పైనున్న రెండున్నర లక్షల మంది అడ్వాన్స్‌డ్ రాయొచ్చు, సీటు ఆ ర్యాంకుతోనే. జీపు ఎక్కినవాడికి ఆ పరీక్ష ఎంత టెన్షనో ఊహించుకోండి. వాడికి తొమ్మిది వందల చిల్లర ర్యాంకు వచ్చింది. ఇంకో ఇంట్లో అయితే పండగే. మా ఇంట్లో మాత్రం ‘అయ్యో, ఏమైంది?’ అంటూ పరామర్శలు. ఆ రోజు కాలేజీ నుంచి ఫోన్ రాలేదు. కొత్త ఫ్లెక్సీలో కొత్త మొహాలు. పాతది మా వీధి చివర ఇస్త్రీ బండికి పైకప్పయింది. వాడు కొన్నాళ్లు వెనక సందులోంచి తిరిగి వచ్చేవాడు.

ఫలితం ఖాయమయ్యే దాకా ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2024లో మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో మొదట 67 మందికి 720కి 720 అన్నారు. గ్రేస్ మార్కులు తీసేసి, ఒక ఫిజిక్స్ ప్రశ్నకి ఒకే జవాబు సరైనదని తేల్చాక మిగిలింది 17 మంది.

కాగితాల మీద సంతకం అడిగితే చదివి పెట్టండి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనలకు మార్గదర్శకాలిచ్చింది. విద్యార్థి పేరు, ఫోటో వాడాలంటే ఫలితం వచ్చాకే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఏ కోర్సు చదివారో కూడా ప్రకటనలో చెప్పాలి. అడ్మిషన్ నాడు పెట్టించుకున్న సంతకం చూపిస్తే సరిపోదు. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే మీ సంతకం కూడా అడుగుతారు, తొందరపడకండి. ఆ పిల్లతో కలిసి చదివిన స్నేహితులెవరో కూడా కనుక్కోండి. మావాడికి రాత్రిళ్లు కూర్చోబెట్టి కెమిస్ట్రీ చెప్పిన రూమ్మేట్‌కి 99.97 వస్తే, ఫ్లెక్సీలో ఒక మూల స్టాంపు సైజు ఫోటో వేశారు.

వాడు ఇప్పటికీ సంతోషంగా చెప్పుకునే సన్మానం ఒకటుంది. సీటొచ్చాక మా ఊరి హైస్కూల్ లెక్కల మాస్టారు పిలిచి, ఒక పెన్ను జేబులో పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లల ముందు కూర్చోబెట్టారు. ర్యాంకు గురించి ఒక్కరూ అడగలేదు. ‘అన్నా, అక్కడ హాస్టల్లో అన్నం బాగుంటుందా?’ అని ఒకడు, ‘లెక్కలు రాకపోతే ఏం చేసేవాడివి?’ అని ఇంకొకడు. గంటసేపు కబుర్లు చెప్పి వచ్చాడు.

కాలేజీ నుంచి మళ్లీ ఫోనొస్తే ‘అడ్వాన్స్‌డ్ అయ్యాక చూద్దాం సార్’ అని మర్యాదగా చెప్పండి. అప్పుడు కూడా వాళ్లు వస్తే, అమ్మాయి సరేనంటే, జీపు ఎక్కించండి. బ్లేజర్ మాత్రం సైజు చూసి మీరే కొనండి.