కారు లేకుండా ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో ట్రెక్కింగ్ కుదురుతుందా?

బాగా కుదురుతుంది. నన్నడిగితే కారు లేకపోవడమే మేలు: పార్కింగ్ చోటికే తిరిగి రానక్కర్లేదు, ఒక ఊళ్లో కొండెక్కి ఇంకో ఊళ్లో దిగొచ్చు.

ఆక్సెన్‌హోమ్‌లో రైలు మారి విండర్‌మియర్ చేరండి. స్టేషన్ బయటే 555 బస్సు దొరుకుతుంది; ఆంబుల్‌సైడ్, గ్రాస్మియర్ మీదుగా కెస్విక్ వెళ్తుంది. మొదటి రోజుకి గ్రాస్మియర్‌లో దిగి, రైడల్ మీదుగా ఆంబుల్‌సైడ్ దాకా కాఫిన్ రూట్‌లో నడవండి. ఒకప్పుడు శవపేటికలను గ్రాస్మియర్ చర్చికి మోసుకొచ్చిన దారి అది. మోసేవాళ్లు పేటిక దించుకున్న రాయి ఇప్పటికీ పక్కనే ఉంది, చూడకుండా రావద్దు.

కాళ్లలో సత్తా ఉంటే 950 మీటర్ల హెల్వెలిన్ కొండ. విత్‌బర్న్‌లో 555 దిగి ఎక్కండి, గ్లెన్‌రిడింగ్ వైపు దిగి 508 బస్సు పట్టుకోండి.

టెన్షన్ అంతా ఆఖరి బస్సుతోనే. చలికాలంలో సర్వీసులు తగ్గుతాయి. ముందురోజు రాత్రే తిరుగు టైమ్ చూసి పెట్టుకోండి.