సైంటిస్టు అంటే ఎవరో ముందు చూడనివ్వండి

ప్రశ్న: మా పాప జనగామ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. సైంటిస్టు అవుతానంటోంది. మా చుట్టాల్లో ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేరు. ఇప్పటినుంచే కోచింగ్‌లో చేర్చాలా?
- ఒక తండ్రి

జవాబు: డాక్టరు ఏం చేస్తారో మీ పాప జ్వరమొచ్చినప్పుడే చూసింది. టీచర్లను రోజూ చూస్తోంది. సైంటిస్టును మాత్రం పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటుంది. కోచింగ్ టెన్షన్ పక్కన పెట్టండి. ముందు ల్యాబులో పనిచేసే ఒక మనిషిని చూపించండి.

హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ దారిలోనే ఐఐసీటీ (రసాయన శాస్త్రం), సీసీఎంబీ (జీవకణాల శాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం) ఉన్నాయి. మూడూ సీఎస్‌ఐఆర్ అనే కేంద్ర పరిశోధన సంస్థ ల్యాబులే. 1942లో సీఎస్‌ఐఆర్ ఏర్పడిన సెప్టెంబర్ 26న గానీ, ఆ దగ్గరి రోజుల్లో గానీ ఈ ల్యాబుల్లోకి విద్యార్థులను రానిస్తుంటారు. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవానికి కూడా అంతే. ఏ రోజు, ఎన్ని గంటలకో ముందే కనుక్కోండి. విద్యార్థులను ల్యాబులకు తీసుకెళ్లే 'జిజ్ఞాస' కార్యక్రమం 2017 నుంచి ఉంది. దాని గురించి ల్యాబుకు ఒక ఉత్తరం రాయమని హెడ్మాస్టరు గారిని అడగండి. క్లాసంతా వెళ్లొచ్చు.

వెళ్లేముందు పాప చేత ప్రశ్నలు రాయించండి. "మీ ర్యాంకెంత?" లాంటివి వద్దు. "ఈరోజు పొద్దున్నుంచి ఏం చేశారు? ప్రయోగం ఫెయిలైతే ఏం చేస్తారు? తొమ్మిదిలో మీకు ఏ సబ్జెక్టు కష్టంగా ఉండేది?" అని అడగమనండి. పెద్ద సైంటిస్టు దొరక్కపోతే అక్కడ పీహెచ్‌డీ చేసే అక్కలు, అన్నలు ఉంటారు. నన్నడిగితే వాళ్లే మేలు, చదువులో పడ్డ కష్టం వాళ్లకింకా గుర్తుంటుంది. ఇంగ్లిష్ రాదని పాప వెనకడుగు వేయనక్కర్లేదు, తెలుగులోనే అడగమనండి.

ఇంకొకటి, ఆలస్యం చేయకండి. ఇస్రో 2019లో మొదలుపెట్టిన 'యువిక' అనే శిక్షణ కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లలకే. ఎంపికైతే వేసవిలో దాదాపు రెండు వారాలు ఇస్రో కేంద్రంలో ఉంచుతారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చు వాళ్లదే. వచ్చే ఏడాదికి ఈ అవకాశం ఉండదు.

ఇంటర్‌లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా తిరుపతిలోని ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థకు దారి ఉంది, ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పీహెచ్‌డీ దాకా ఎలా చదివించాలన్న భయం మీకుంటుంది. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదట నెలకు 37,000 రూపాయలు ఇస్తారు.

ల్యాబు చూసి తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీరేమీ అడక్కండి. తనే చెబుతుంది. దేని గురించి ఎక్కువసేపు చెప్పిందో గుర్తుపెట్టుకోండి.