స్పాంజ్ కేక్ పొంగేది గుడ్లలోని గాలితోనే

బేకింగ్ పౌడర్ ఎంత వేసినా స్పాంజ్ కేక్ దిబ్బరొట్టెలా గట్టిగా వస్తోందని, అసలు దీనికీ బటర్ కేక్‌కీ తేడా ఏంటని అడిగారు. మొదట్లో నావి కూడా మూడు కేకులు అలాగే పాడయ్యాయి. మూడోసారి పౌడర్ రెండు చెంచాలు వేశాను. ఓవెన్‌లో బాగా పొంగింది కానీ, బయటికి తీయగానే మధ్యలో కుంగిపోయింది. పైగా చేదు.

బటర్ కేక్‌లో వెన్న, పంచదార కలిపి గిలక్కొడతాం, పౌడర్ దాన్ని పొంగిస్తుంది. అసలైన స్పాంజ్‌లో వెన్న ఉండదు, ఉన్నా కాస్తే. గుడ్లలోకి మనం ఎక్కించిన గాలి ఓవెన్ వేడికి వ్యాకోచిస్తుంది, గుడ్డులోని ప్రొటీన్ ఆ బుడగల చుట్టూ గట్టిపడుతుంది. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్ తయారుచేసింది 1843లో. స్పాంజ్ కేకులు అంతకంటే పాతవి. విక్టోరియా స్పాంజ్ వల్ల చాలామంది పొరబడతారు. పేరులో స్పాంజ్ ఉన్నా, అది వెన్నతో చేసే కేకే.

నా తిప్పలు చూసి అమ్మ, "గారెల పిండిలాగే కదే, గాలి పట్టాలి" అంది. నిజమే. రుబ్బిన మినప్పిండిని చేత్తో గిలక్కొట్టి, చిన్న ముద్ద నీళ్లలో వేసి తేలుతుందో లేదో చూస్తాం కదా!

నాలుగు గుడ్లు, 120 గ్రాముల పంచదార గిన్నెలో వేసి, వేడినీళ్ల మీద పెట్టి, వేలికి గోరువెచ్చగా తగిలేదాకా కలపండి. తర్వాత దించి బీటర్‌తో ఎనిమిది, పది నిమిషాలు కొట్టండి. పచ్చరంగు పోయి తెల్లబడుతుంది, దాదాపు మూడింతలవుతుంది. బీటర్ పైకెత్తితే నురగ రిబ్బన్‌లా జారి, పైన మడతలు పడి రెండు మూడు క్షణాలు అలాగే నిలవాలి. ఇది రాకుండా మైదా జోలికి వెళ్లొద్దు.

జల్లించిన మైదా 120 గ్రాములు మూడు విడతలుగా వేసి, వెడల్పాటి గరిటెతో అడుగు నుంచి పైకి మెల్లగా తిప్పండి. ఇక్కడ బీటర్ పెడితే ఎక్కించిన గాలంతా పోతుంది. కలిపిన వెంటనే ముందే 170 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లోకి వెళ్లిపోవాలి. పిండి పోసే కేకు గిన్నె అడుగున బేకింగ్ కాగితం చాలు, పక్కలకు నూనె రాయకండి, పిండి ఆ గోడలు పట్టుకునే పైకి ఎక్కుతుంది. 25-30 నిమిషాలకు వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవాలి.

వెన్న లేదు కాబట్టి మర్నాటికి ఎండిపోతుంది. బేకరీల్లో పంచదార పాకం పూసేది అందుకే. పూర్తిగా చల్లారాక, పళ్లున్న చాకుతో కోయండి.