వనువాటులో స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు ఏ చట్టం నడిచింది?

పసిఫిక్ సముద్రంలోని ద్వీప దేశం వనువాటు 1980 జూలై 30న స్వతంత్రమయ్యాక పాత చట్టాలు రద్దయ్యాయా, లేకపోతే ఏ ఆధారంతో నడిచాయి అన్న దగ్గర మీరు రాస్తున్న పేపర్ ఆగిపోయిందన్నారు కదా. రద్దు కాలేదండీ. వనువాటు రాజ్యాంగంలో 95వ అధికరణం తీయండి, మీక్కావలసింది అక్కడే ఉంది.

అంతకుముందు బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలాయి కాబట్టి బ్రిటిష్ వాళ్లకో చట్టం, ఫ్రెంచ్ వాళ్లకో చట్టం, వీటికి తోడు ఇద్దరూ కలిసి చేసిన ఉమ్మడి నిబంధనలు ఉండేవి. 95వ అధికరణం వీటన్నిటినీ పార్లమెంటు మార్చేదాకా ఉంచింది, కాకపోతే స్వతంత్ర దేశానికి పొసగనివి చెల్లవు, వీలైనంతవరకు స్థానిక ఆచారాన్ని లెక్కలోకి తీసుకోవాలి అని షరతు పెట్టింది. ఆచార చట్టం కూడా కొనసాగుతుందని విడిగా చెప్పింది. మన భారత రాజ్యాంగంలో 372వ అధికరణం కూడా ఇలాంటిదే, ఐపీసీ 2024 దాకా బతికింది దాని చలవతోనే.

అసలు తెగింపు భూమి విషయంలో కనిపిస్తుంది. వనువాటు రాజ్యాంగం 73వ అధికరణం ప్రకారం దేశంలోని భూమంతా ఆచారం ప్రకారం హక్కున్న స్థానికులదీ, వాళ్ల వారసులదీ. ఒక్క వాక్యంతో వలస పట్టాలు పోయాయి, కానీ ఏ భూమి ఏ కుటుంబానిది అన్న తగాదాలు మొదలయ్యాయి, వాటిని కూడా వినేలా 1983లో ద్వీప కోర్టుల చట్టం చేశారు, అదీ సరిపోక 2013 చట్టంతో ఆ తీర్పుని మళ్లీ ఊరి పెద్దల సభలకి, అంటే నకమాల్‌లకి అప్పగించారు.

నేనైతే పేపర్‌ని 95తో మొదలుపెట్టి, సగానికి పైగా భూమికే ఇస్తాను.