ఐదు సెకన్లకు ఆగే ఫోను

చిట్టీ,

గరాజ్ సేల్‌లో ఏదో మూత ఫోను కొన్నావట, దాన్ని మళ్ళీ పలికించి కాలేజీలో ప్రాజెక్టుగా చూపిస్తావట. మీ అమ్మ చెప్పింది. ఫొటో చూశాను, మోటరోలా మైక్రోటాక్, అనలాగ్ కాలపు ఫోను. మన దేశంలో 1995లో సెల్ ఫోన్లు వస్తూనే డిజిటల్‌గా వచ్చాయి కనక మీ అమ్మకి అదొక బొమ్మ. నాకు కాదు. అందుకే సంతోషమూ, కంగారూ రెండూ.

కంగారు ముందు. అది మాట్లాడే అనలాగ్ నెట్‌వర్కును నడిపి తీరాలన్న నిబంధన అమెరికాలో 2008 ఫిబ్రవరి 18తో పోయింది. అది పంపే 824–849 మెగాహెర్ట్జ్‌లో ఇప్పుడు వేరేవాళ్ళ ఫోన్లు నడుస్తున్నాయి. యాంటెన్నాతో ఒక్క క్షణం కూడా గాలిలోకి వదలకు. అలాగని యాంటెన్నా పీకేసి ఖాళీగా ఆన్ చెయ్యకు. పోయే దారిలేని పవర్ వెనక్కి తిరిగొచ్చి, సిగ్నల్‌కి బలమిచ్చే పవర్ యాంప్లిఫయర్‌ని మాడుస్తుంది, ఆ భాగం ఇప్పుడు ఏ అంగట్లోనూ దొరకదు. యాంటెన్నా చోట 50 ఓమ్‌ల 30 డీబీ అటెన్యుయేటర్ (పవర్‌ని మింగి తగ్గించే భాగం) పెట్టి, దాని అవతల మీటర్ పెట్టు. ఫోను పూర్తి పవర్ 0.6 వాట్, అంటే దాదాపు 28 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చే కొలత). అందులో 30 పోను మీటర్‌లో మైనస్ 2 దగ్గర్లో కనబడాలి.

పాత బ్యాటరీ తీసి పారెయ్, కారి ఉంటుంది. బెంచి పవర్ సప్లై వాడు, కరెంటు ఒక ఆంపియర్‌కి కట్టెయ్.

ఇక లోపలి సంగతి. మాట హెచ్చుతగ్గులు ముందు కంప్రెసర్‌లో డీబీ లెక్కన సగానికి నలుగుతాయి, ఆ మాట ప్రీ-ఎంఫసిస్ (పై స్వరాల్ని పెంచే మెట్టు) దాటి, లిమిటర్‌లో అంచులు తెగి, 12 కిలోహెర్ట్జ్‌కి మించని డీవియేషన్‌తో (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) ఎఫ్ఎమ్ అవుతుంది. పవర్ యాంప్లిఫయర్, డూప్లెక్సర్ (పంపేదాన్నీ వినేదాన్నీ ఒకే యాంటెన్నా మీద వేరుచేసేది), బయటికి. ఇది పాఠ్యపుస్తకంలోనే ఉంది, వదిలేస్తున్నా. పుస్తకం గట్టిగా చెప్పనిది ఒకటుంది: ఆ ట్రాన్స్‌మిటర్‌కి సొంత బుద్ధి లేదు. ఏ ఛానల్, ఎంత పవర్, అసలు పలకాలా వద్దా, అన్నీ ఫోను మెదడు, అంటే లాజిక్ బోర్డు, చెప్పాలి. 333వ ఛానల్ అంటే లాజిక్, ఫ్రీక్వెన్సీ తయారుచేసే సింథసైజర్‌కి అంకె ఇస్తుంది, 834.99 మెగాహెర్ట్జ్ తయారవుతుంది, వినేది దానికి సరిగ్గా 45 పైన. సింథసైజర్ ఆ ఫ్రీక్వెన్సీ మీద నిలకడగా లాక్ కాకపోతే ట్రాన్స్‌మిటర్‌ని లాజిక్ మూసేస్తుంది. పవర్‌ని కూడా 4 డీబీ చొప్పున మెట్లు దింపుతుంది: 600 మిల్లీవాట్లు, 240, 95, అలా చివరికి 6.

ఇప్పుడు అసలు తప్పు. ఎవరు చేశారని అడక్కు. బెంచి మీద, బేస్ స్టేషన్‌లా (సెల్ టవర్‌లా) నటించే సిగ్నల్ జనరేటర్‌తో కాల్ కలుస్తుంది, మీటర్ ముల్లు చక్కగా లేస్తుంది, ఐదు సెకన్లకి పడిపోతుంది. మళ్ళీ కలుపు, మళ్ళీ ఐదు సెకన్లు. ట్రాన్స్‌మిటర్ చచ్చిందనుకుని పవర్ యాంప్లిఫయర్ మారుస్తారు. ఐదు సెకన్లు. కొత్త బ్యాటరీ పెడతారు. ఐదు సెకన్లు. డూప్లెక్సర్ విప్పుతారు, విప్పేటప్పుడు దాన్ని పాడుచేస్తారు. పిచ్చివాళ్ళూ! పాడైపోయిన భాగం గడియారం చూసుకుని ఆగుతుందా? లెక్కబెట్టి ఆపేది లాజిక్కే.

ఎందుకు ఆపుతుందంటే, బేస్ స్టేషన్ మాటతో పాటు శాట్ (సూపర్వైజరీ ఆడియో టోన్) అనే సన్నని కూత పంపుతుంది: 5970, 6000, 6030 హెర్ట్జ్‌లలో ఒకటి. మాట 3000 దగ్గరే ఆగుతుంది కనక చెవికి తెలీదు. ఫోను దాన్ని విని తిరిగి పలకాలి. ఛానల్ కేటాయించే సందేశంలోనే ఏ కూత వినాలో రెండు బిట్లలో వస్తుంది: 00 అయితే 5970, 01 అయితే 6000, 10 అయితే 6030. చెప్పిన కూత వినబడక ఐదు సెకన్లు గడిస్తే లాజిక్ ట్రాన్స్‌మిటర్ కట్టేస్తుంది, ఎవరో పక్క సెల్‌వాడి మీద పలకకుండా. జనరేటర్ నాబ్ 6000 మీద ఉంటుంది, సందేశంలో 00 వెళ్ళి ఉంటుంది. తేడా 30 హెర్ట్జ్. దానికోసం మూడు రోజులూ, బంగారం లాంటి డూప్లెక్సరూ!

కాబట్టి ముల్లు పడిపోతే టంకం కడ్డీ ముట్టుకోకు. ముందు సందేశంలో బిట్లూ జనరేటర్ అంకే పక్కపక్కన కాగితం మీద రాసి చూడు. కూత డీవియేషన్ 2 కిలోహెర్ట్జ్ ఉందా చూడు. అదీ సరిపోతే ఆసిలోస్కోప్ పెట్టు: ఎఫ్ఎమ్‌లోంచి శబ్దాన్ని బయటికి తీసే రిసీవర్ డిస్క్రిమినేటర్ దగ్గర కూత ఉందా, ఫిల్టర్ దాటాక ఉందా, తిరిగి మాడ్యులేటర్‌కి వెళ్తోందా. ఎక్కడ మాయమైతే లోపం ఆ రెండు చోట్ల మధ్య.

ఫోన్‌ని పరీక్షించడానికి ఉండే టెస్ట్ మోడ్‌లో 11 కొట్టి నాలుగంకెల ఛానల్, తర్వాత హాష్ (#). 05 హాష్ అంటే క్యారియర్ (పంపే రేడియో తరంగం) ఆన్, 06 ఆఫ్. 32 హాష్ కొట్టకు. పొరపాటున కొట్టావో, అది మెమరీ తుడుస్తూ నిమిషం తీసుకుంటుంది, అప్పుడు మధ్యలో ఆపకు. ఈఎస్ఎన్ జోలికి అసలు పోవద్దు. అది ఫోను గుర్తింపుకి ఉండే 32 బిట్ల ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు, గాల్లో బాహాటంగా వెళ్ళేది. దాన్ని దొంగిలించే క్లోనింగ్, అంటే ఒకరి నంబరుతో ఇంకో ఫోన్ నడపడం, జరిగేది. ఈఎస్ఎన్ మార్చడం అమెరికాలో నేరం, ప్రాజెక్టు అంటే ఎవరూ వినరు.

అటెన్యుయేటర్ కొనకు. నాది పార్సెల్ చేస్తున్నా, మీ అత్త పెట్టిన కారప్పొడి డబ్బాతో పాటు. కనెక్టర్ బిగించేటప్పుడు పట్టకారు వాడకు, వేళ్ళతోనే తిప్పు. రాత్రి రెండింటికి మొదలుపెట్టి ముల్లు పడిపోతే నాకే ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య