పాత ఆల్టో ఉంచుకోవాలా, ఎలక్ట్రిక్ కారు కొనాలా?

ప్రశ్న: మేడమ్, నేను టీచర్‌గా చేసి రిటైరయ్యాను. హన్మకొండలో ఉంటున్నాం. 2011లో కొన్న పెట్రోల్ ఆల్టో ఉంది. కూరగాయలకు, ఆస్పత్రికి, అప్పుడప్పుడు పరకాల దగ్గర మా ఊరికి. నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. లీటరుకు 15 ఇస్తోంది. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి "పాత బండి పొగ మంచిది కాదు నాన్నా, అమ్మేసి ఎలక్ట్రిక్ తీసుకుందాం" అంటున్నాడు. 15 ఏళ్లు నిండితే రోడ్డెక్కనివ్వరని కూడా అందరూ అంటున్నారు. బాగున్న బండిని వదులుకోబుద్ధి కావడం లేదు. పర్యావరణానికి నిజంగా ఏది నయం?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఉంచుకోండి సార్. మీ వాడకానికి పాత బండే నయం. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలతో బోర్డు మీద వేయించిన లెక్కే మీకూ చెప్తాను.

లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీరు ఏడాదికి తిరిగేది 4,800 కిలోమీటర్లు. అంటే 320 లీటర్లు, దాదాపు 740 కిలోలు. లీటరుకు 20 ఇచ్చే కొత్త పెట్రోల్ కారైతే 240 లీటర్లు, 550 కిలోలు. ఏడాదికి తగ్గేది 190 కిలోలు. కానీ ఆ కొత్త కారు షోరూమ్‌కు వచ్చేసరికే ఉక్కుకూ, అల్యూమినియానికీ, ప్లాస్టిక్‌కూ, అద్దాలకూ కలిపి నాలుగైదు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసి ఉంటుంది. ఏడాదికి 190 కిలోల చొప్పున అది పూడాలంటే పాతికేళ్లు పట్టొచ్చు. మీ ఆల్టో తయారీకి అయిన కార్బన్ ఖర్చు ఎప్పుడో 2011లోనే అయిపోయింది. బండి అమ్మినా అది వెనక్కి రాదు.

ఎలక్ట్రిక్ సంగతీ చూద్దాం. బ్యాటరీ వల్ల దాని తయారీ భారం పెట్రోల్ కారుకన్నా ఎక్కువ. నడిపేటప్పుడు పొగ గొట్టం ఉండదు, నిజమే. అయితే మన ప్లగ్గులోకి వచ్చే కరెంటు ఎక్కడిది? చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉంది. రెండూ బొగ్గువే. దేశం మొత్తం మీద సగటున ఒక్క యూనిట్ కరెంటుకు 0.7 కిలోల చొప్పున పడుతోంది. మీ వాడకానికి ఏడాదికి 650 యూనిట్లు అనుకుంటే 450 కిలోలు. ఆల్టో కన్నా తక్కువే, కాదనను. కానీ ఆ కాస్త తేడాతో బ్యాటరీతో సహా కారు తయారీ భారం తీరడానికి మీకు ఇరవై ఏళ్లు దాటుతుంది. ఇంటి మీద సోలార్ ఉండి పగలు ఛార్జింగ్ పెట్టుకునేవాళ్ల లెక్క వేరు. రోజూ హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లొచ్చేవాళ్ల లెక్క కూడా పూర్తిగా వేరు. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ భారం మూడు నాలుగేళ్లలో తీరిపోతుంది. వాళ్లు అడిగితే మార్చమనే చెప్తాను. తేల్చాల్సింది బండి వయసును బట్టి కాదు, ఏడాదికి ఎంత తిరుగుతుందన్నదాన్ని బట్టి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క కార్బన్ డయాక్సైడ్ గురించే. వీధిలో మనం పీల్చే పొగ వేరే విషయం, నాకు ఎక్కువ దిగులు దాని గురించే. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, సగం కాలిన పెట్రోల్ ఆవిరి, ఇవన్నీ హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర స్కూటీ మీద ముందు నిలబడ్డ చిన్నపిల్ల ముఖానికే కొడతాయి. మీ బండిలో వీటిని ఆపేది సైలెన్సర్‌కు ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులా సన్నని గదులు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. అది మూసుకుపోతే బండికి పికప్ ఉండదు. అప్పుడు కొందరు మెకానిక్‌లు "తీసేసి ఖాళీ పైపు వేద్దాం సార్, మైలేజీ కూడా పెరుగుతుంది" అంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ రోజు నుంచి మీ బండి విషం చిమ్మినట్టే.

ఓ పని చేయండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపలి అంచును వేలితో రుద్ది చూడండి. బూడిద రంగు పొడి అంటితే బెంగ లేదు. పొడిగా నల్లటి మసి అంటితే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సార్ చూపించండి. నల్లగా, జిగటగా నూనె అంటితే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగినట్టు, అది చిన్న పనే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు పోయినట్టు. చలికాలంలో కాసేపు తెల్లగా వచ్చేది నీటి ఆవిరి, దానికి టెన్షన్ పడకండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2011 నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. మెత్తబడ్డాయా, పగుళ్లున్నాయా అని ఈసారి సర్వీసింగ్‌లో చూపించండి.

15 ఏళ్ల మాట ఢిల్లీ వార్తలు చూసి వచ్చింది. అది రాజధాని ప్రాంతపు నిబంధన. మన దగ్గర 15 ఏళ్లు నిండాక బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి, ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కడితే రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్లకు పొడిగిస్తారు. అబ్బాయి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం బండి ఇంట్లో పెట్టి, కాజీపేటలో రైలెక్కండి. ఒక్క మనిషి కోసం 145 కిలోమీటర్లు కారు తోలడం కన్నా అది ఎన్నో రెట్లు నయం.

రింగులు పోయి ఇంజన్ బోర్ చేయించేదాకా వస్తే, అప్పుడు మారుద్దాం. ఆ రోజు మాత్రం ఈ ఆల్టోను ఇంకొకరికి అమ్మకండి. నెలకు 400 తిరిగే బండి వాళ్ల చేతిలో 2,000 తిరుగుతుంది, అదీ నీలం పొగతో. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండిని తుక్కుకు ఇచ్చినట్టు వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. కొత్త బండి రిజిస్ట్రేషన్ అప్పుడు అది పనికొస్తుంది.